కుక్క మెడ, పట్టెడ, పీడనము

ఉదయము ఆరు గంటల వేళ అమీర్‌పేట సందులలో నడచువారికి ఒక దృశ్యము తరచుగా కంటబడును. మెట్రో స్తంభముల క్రింద దుకాణములు ఇంకను తెరచియుండవు. ఒక అపార్ట్‌మెంటు గేటులోనుండి పొమరేనియను కుక్క ముందును, దాని వెనుక యజమానియు బయటికి వత్తురు. మలుపు తిరుగగానే వీధికుక్కలు మొరుగును. పొమరేనియను ముందుకు దూకును; యజమాని గొలుసును వెనుకకు గుంజును. వెంటనే ఆ చిన్న ప్రాణి బాతు అరచినట్లు రెండు మూడు సార్లు దగ్గును. చలిగాలి సోకినదని యజమాని అనుకొనును. కాని ఆ దగ్గునకు కారణము గొలుసు రెండవ కొసన, ఆయన చేతిలోనే యుండవచ్చును.

కుక్క మెడ పైవైపున వెండ్రుకలతో, కండరములతో బలముగా కనబడును. గొంతు వైపున సంగతి వేరు. అక్కడ చర్మమునకు కొద్ది లోతుననే శ్వాసనాళము కలదు. ఇది సుమారు 35 మృదులాస్థి వలయములను వరుసగా పేర్చినట్లుండు గొట్టము. ఈ వలయములు పూర్తి చుట్టు కావు. వీపు వైపున తెరచియుండి, ఆ సందును మెత్తని పొర కప్పియుండును. పొమరేనియను, యార్క్‌షైర్ టెర్రియరు వంటి చిన్న జాతులలో ఈ మృదులాస్థి మెత్తబడి గొట్టము చదునగుట పశువైద్యులు బాగుగా ఎరిగిన వ్యాధి. బాతు అరుపు వంటి దగ్గు దాని గుర్తు. మనవారు బెల్టు అని పిలుచు మెడపట్టెడయే ఈ వ్యాధిని పుట్టించునని అనరాదు. ఉన్న వ్యాధిని మాత్రము అది రేపును. శ్వాసనాళమునకు ఇరుప్రక్కల థైరాయిడ్ గ్రంథియు, తలనుండి రక్తమును దించు సిరలును, ముఖ్యమైన నాడులును ఉన్నవి. మన రైతు కాడిని ఎద్దు మెడమీద, మూపురము ముందు ఆనించెనే గాని, గొంతుకు పలుపు కట్టి బండి లాగింపలేదు. కుక్క విషయమున ఆ తెలివి మనకు ఎందుకో కలుగలేదు.

గొలుసు లాగినప్పుడు మెడపై ఏమి జరుగునో చిన్న లెక్కతో చూడవచ్చును. పీడనమనగా బలమును అది తగులు వైశాల్యముచే భాగించగా వచ్చునది. ఒక కుక్క 70 న్యూటన్ల బలముతో లాగుచున్నదనుకొందము. ఇది ఏడు కిలోల బరువును చేతితో వ్రేలాడదీసినంత. పట్టెడ వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, అది గొంతును ఒత్తు పొడవు పది సెంటీమీటర్లు అయినచో పీడనము 28 కిలోపాస్కలులు. మనుష్యుని రక్తపు పోటు పై అంకె 120 అన్నప్పుడు అది 16 కిలోపాస్కలులు మాత్రమే. అదే బలము అర సెంటీమీటరు వెడల్పు గల సన్నని తాడుపై పడినచో పీడనము అయిదు రెట్లై 140 కిలోపాస్కలులకు పోవును. వాస్తవమున పట్టెడ అంతటను సమముగా తగులదు. ఒకచోట అంచు, మరియొకచోట బకిలీ గ్రుచ్చుకొనును. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయమువారు కృత్రిమమైన మెడను నిర్మించి, పలు రకముల పట్టెడలను దానిపై పరీక్షించి 2020లో ఫలితములను ప్రకటించిరి. వారికి 83 మొదలు 832 కిలోపాస్కలుల వరకు పీడనములు కనబడినవి. మెత్తని పొర కుట్టినవి సహా ఏ పట్టెడయు, కుక్క లాగినప్పుడు గాయపు భయము లేదనదగినంత తక్కువ పీడనమును ఇయ్యలేదు. కావున ‘మంచి బెల్టు కొంటిమి, చాలును’ అనుకొనుటకు వీలులేదు.

నిలకడగా లాగుట కంటె కుదుపు మరింత చెడ్డది. ఇరువది కిలోల లాబ్రడారు సెకనునకు అయిదు మీటర్ల వేగముతో పరుగెత్తి, తాడు చివర ఒక్కసారిగా ఆగినదనుకొనుడు. దాని ద్రవ్యవేగము 100 ప్రమాణములు. పదవ వంతు సెకనులో ఆగినచో సగటు బలము 1000 న్యూటన్లు, అనగా వంద కిలోల బరువు! అర సెకనులో ఆగినచో 200 న్యూటన్లే. క్రికెట్టు ఆటగాడు బంతిని పట్టునప్పుడు చేతులను వెనుకకు తీసికొనుట ఈ సూత్రమును అనుసరించియే. పెట్టెలోనుండి సాగి వచ్చు పొడవైన తాళ్లు కుక్కకు వేగము పుంజుకొను చోటునిచ్చి, చివర గట్టి దెబ్బ కొట్టును. కుక్కతో కలసి పరుగెత్తు కానిక్రాస్ ఆటలో సాగెడి రబ్బరు గల తాడును, మెడకు గాక ఛాతీకి తగిలించు హార్నెస్సును వాడుటకు కారణము ఇదియే.

ఒత్తిడి మెడతో ఆగదు. 2006లో అమెరికాలో 26 కుక్కల కండ్లను పరీక్షించి చూడగా, మెడపట్టెడ లాగినప్పుడు కంటిలోని పీడనము పెరిగినది. హార్నెస్సు లాగినప్పుడు పెరుగలేదు. నీటికాసులు గల కుక్కలకును, పగ్ వలె ఉబ్బుకండ్ల జాతులకును ఇది గమనింపదగిన విషయము.

మన హైదరాబాదు వేసవిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను. కుక్కకు చెమట పాదములనుండి తప్ప చెప్పుకోదగినంత పోయదు. నాలుక చాచి రొప్పుచు, ముక్కు, నోరు, గొంతులందలి తడిని ఆవిరి చేసి దేహమును చల్లబరచుకొనును. మే నెలలో గాలి వేడిమి 40 డిగ్రీలు దాటినపుడు, కుక్క దేహపు వేడిమి సుమారు 38.5 డిగ్రీలే గనుక, చుట్టునున్న గాలియే దానిని కాల్చును. ఆవిరి తప్ప వేరు దారి లేదు. ఆ సమయమున పట్టెడ గొంతును బిగించినచో, దగ్గుతో పోవునది వడదెబ్బగా మారుటకు ఎంతోసేపు పట్టదు.

ఇక ప్రదర్శనల సంగతి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896లో వేరొక పేరుతో ఆరంభమైనది; హైదరాబాదులోను కెనైన్ క్లబ్బు కలదు. ఈ పోటీలలో కుక్కను నిలబెట్టియు, నడిపించియు న్యాయనిర్ణేత పరీక్షించును. అక్కడ వాడు తాడు సన్నము. చెవుల వెనుక, దవడల దగ్గర పైకెత్తి కట్టుదురు. తల ఠీవిగా నిలుచునని కొందరు దానిని మీదికి బిగించి పట్టి, ముందుకాళ్లు నేలపై ఆనీ ఆనకుండ నడిపింతురు. హింస మాట అటుంచి, ఇది పరీక్షకే భంగము. నిలుచున్న కుక్క బరువులో ఇంచుమించు నూటికి 60 పాళ్లు ముందుకాళ్లపై ఉండును. తాడు ఆ బరువులో కొంత మోసినచో భుజములు కదలు తీరు మారును. న్యాయనిర్ణేత చూచునది కుక్క నడక కాదు, నడిపించువాని చేతి పనితనము. వదులు తాడుపై సాఫీగా నడచిన కుక్కయే తన నిర్మాణమును ఉన్నదున్నట్లు చూపగలదు. మన రాజపాళయపు కుక్క, కారవాను వేటకుక్క వంటి సన్నతల జాతులకు సన్నని తాడు బొత్తిగా తగదు. వెడల్పైన పట్టెడ మేలు.

హార్నెస్సు సర్వరోగనివారిణి కాదు. 2019లో ప్రకటితమైన ఒక పరిశీలనలో భుజములకు అడ్డము రాని రకము కూడ భుజము చాపును కొంత తగ్గించినట్లు తేలినది. అదియుగాక, హార్నెస్సు గొంతును కాపాడును గాని లాగుటను మాన్పదు.

కుక్క అసలు ఎందుకు లాగును? లాగినచో ముందుకు పోవును గనుక. పిల్లులపై పరీక్షలు చేసిన థార్న్‌డైక్ 1898లోనే చూపినట్లు, తృప్తినిచ్చిన చేష్ట మరల మరల జరుగును. ఎదుటి స్తంభము వాసన చూడగోరి కుక్క లాగినది, యజమాని వెంట నడచెను, పాఠము కుదిరినది. పదింట మూడుసార్లు మాత్రమే ఫలించినను కుక్క మానదు, పైగా మొండిగా పట్టుకొనును. ఇంటిలో ఒకరు ఆపి, మరియొకరు లాగనిచ్చినచో జరుగునది ఇదియే. వీధికుక్క కనబడినప్పుడెల్ల మెడకు కుదుపు తగిలినచో ఇంకొక చిక్కు. పావ్లోవు కుక్కకు గంట మ్రోత ఆహారముతో ముడిపడినట్లే, దీనికి ఇతర కుక్కల రాక నొప్పితో ముడిపడును. కోపము తగ్గుటకు బదులు పెరుగును.

పోర్చుగలులో 92 కుక్కలపై జరిగి 2020లో వెలువడిన పరిశోధన ఈ సందర్భమున చెప్పదగినది. దండనతో నేర్పిన కుక్కలలో శిక్షణ తరువాత లాలాజలమందలి కార్టిసాలు ఎక్కువగా పెరిగినది. ఒక మూల గిన్నెలో ఆహారము, మరియొక మూల ఖాళీ గిన్నె ఉండుట అలవాటు చేసి, తరువాత రెంటికి నడుమ గిన్నెను పెట్టి చూచిరి. దండన కుక్కలు ఆ గిన్నె దగ్గరకు మెల్లగా పోయినవి; ఏమియు దొరకదనుకొన్నట్లు.

నేర్పు పద్ధతి కష్టము కాదు, ఓపిక మాత్రము కావలెను. తాడు బిగిసిన క్షణమున ఆగవలెను, గుంజరాదు. కుక్క తిరిగి చూచి తాడు వదులగానే మెచ్చుకొని, చిన్న మాంసపు ముక్క ఇచ్చి ముందుకు నడువవలెను. మొదట ఇంటి వరండాలో, పిమ్మట మేడపైన, చివరకు వీధిలో. రోజునకు అయిదేసి నిమిషములు రెండుసార్లు చాలును. పట్టెడకును మెడకును నడుమ రెండు వ్రేళ్లు దూరవలెను. ఎజిలిటీ పోటీలలో కుక్కలు అడ్డంకులను తాడు లేకయే దాటును. నడిపించువాని మాట, చేతి సైగలే వాటికి దారి. 2018లో కొండాపూరులో నగరపాలక సంస్థ తెరచిన కుక్కల ఉద్యానమున అట్టి సాధనములను ఏర్పరచిరి.

1960 నాటి జంతుహింస నివారణ చట్టము 11వ సెక్షను, అనుచితముగా పొట్టిదో బరువైనదో అగు గొలుసుతో జంతువును ఎడతెగక కట్టియుంచుటను నేరముగా పేర్కొన్నది. నిత్యము కట్టియుంచు కుక్కను తగినంత త్రిప్పకుండుట కూడ నేరమే. ఇరుకు ఫ్లాటులలో బాల్కనీ కమ్మీకి రోజంతయు కట్టిన కుక్క, ఉదయము గేటు దాటగానే ఎందుకంత లాగునో ఇందువలననే కొంత తెలియును. పంజాగుట్ట వంటి రద్దీ చోట అట్టి కుక్కను త్రిప్పువారు, వీధికుక్కలు దూరముగా కనబడగానే, తమది దూకకమునుపే రోడ్డు అవతలి ప్రక్కకు మరలుట మంచిది. అప్పుడు గుంజవలసిన అవసరమే రాదు.