కాలేజీ మెయిల్ మూతపడ్డాక తెలిసొచ్చింది: మెయిల్ బ్యాకప్, సేఫ్ ల్యాప్‌టాప్ సెటప్ ఇలా చేసుకోండి

రెండో ఉద్యోగంలో చేరేముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు నన్ను ఒక్క కాగితం అడిగారు. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో చేసిన ఇంటర్న్‌షిప్ లెటర్. అదెంత పని, కాలేజీ మెయిల్‌లో ఉంటుంది కదా అనుకుని లాగిన్ అయ్యాను. అసలు అకౌంటే లేదు! పాస్ అవుట్ అయిన బ్యాచ్‌ల అకౌంట్లు తీసేస్తున్నామని కాలేజీ ముందే నోటీసు పంపిందట. ఎక్కడికి పంపిందో తెలుసా? మూతపడబోతున్న ఆ మెయిల్‌కే. నేను దాన్ని తెరిచి అప్పటికి ఏడాది దాటిపోయింది.

నా అదృష్టం బాగుండి, ఆ లెటర్ వచ్చినప్పుడు మా ప్రాజెక్ట్ గైడ్ సార్ సీసీలో ఉన్నారు. ఆయన పాత మెయిల్స్ తవ్వి పంపారు. జాయినింగ్ డేట్‌కి నాలుగు రోజులే మిగిలాయి. ఆ వారం పడ్డ టెన్షన్ మీకు వద్దనే ఈ ఆర్టికల్.

సింక్ వేరు, బ్యాకప్ వేరు

"నా మెయిల్ ఫోన్‌లో ఉంది, ల్యాప్‌టాప్‌లో ఉంది, ఇక బ్యాకప్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. అవి రెండు కాపీలు కావు, ఒకే మెయిల్‌బాక్స్‌కి రెండు కిటికీలు. ఇప్పటి మెయిల్ యాప్‌లు ఎక్కువగా ఐమ్యాప్ లాంటి సింక్ పద్ధతిలోనే పనిచేస్తాయి. ఫోన్‌లో డిలీట్ చేస్తే ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. జీమెయిల్ ట్రాష్‌లో పడ్డది 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. ఎవరైనా మీ అకౌంట్ హ్యాక్ చేసి అంతా తుడిచేస్తే, ఆ తుడిచేయడం కూడా శుభ్రంగా సింక్ అవుతుంది!

ఇంకో సంగతి. 2 ఏళ్లు అసలు వాడని పర్సనల్ అకౌంట్లను తొలగించే విధానం గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. ఇంటర్‌లో క్రియేట్ చేసి వదిలేసిన ఐడీ ఉంటే ఈరోజే ఒకసారి లాగిన్ అవ్వండి.

మొదటి దారి: గూగుల్ టేకౌట్

జీమెయిల్ వాడేవాళ్లకి ఇదే సులువు. టేకౌట్ పేజీ తెరవగానే అన్ని సర్వీసులూ టిక్ అయి ఉంటాయి. ముందు డీసెలెక్ట్ ఆల్ కొట్టి, మెయిల్ ఒక్కటే టిక్ చేయండి. తర్వాత ఫైల్ టైప్ జిప్, ఒక్కో ఫైల్ సైజ్ 50 జీబీ వరకు ఎంచుకోవచ్చు. మన నెట్ మధ్యలో తెగిపోతుంటే చిన్న సైజే మేలు. రెడీ అయ్యాక డౌన్‌లోడ్ లింక్ మెయిల్‌కి వస్తుంది. అది కొన్ని రోజులే పనిచేస్తుంది, కాబట్టి వచ్చిన రోజే దించేసుకోండి. 2 నెలలకోసారి ఏడాదిపాటు ఆటోమేటిక్‌గా ఎక్స్‌పోర్ట్ అయ్యే ఆప్షన్ కూడా అక్కడే ఉంది.

మీకు దొరికేది ఎంబాక్స్ ఫైల్. మెయిల్స్ అన్నీ వరసగా పేర్చిన టెక్స్ట్ ఫైల్ లాంటిది, అటాచ్‌మెంట్లు కూడా అందులోనే ఉంటాయి. ఒక్క కంపెనీకే పరిమితమైన ఫార్మాట్ కాదు కాబట్టి రేపు జీమెయిల్ మానేసినా వేరే ప్రోగ్రామ్‌లో తెరుచుకోవచ్చు.

రెండో దారి: థండర్‌బర్డ్

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. జీమెయిల్ ఒక్కటే కాదు, ఐమ్యాప్ ఇచ్చే ఏ మెయిల్ అయినా ఇందులో పెట్టుకోవచ్చు. అకౌంట్ యాడ్ చేశాక లోకల్ ఫోల్డర్స్ కింద ఒక కొత్త ఫోల్డర్ తయారు చేసి, మెయిల్స్ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌తో అక్కడికి కాపీ చేయండి. జాగ్రత్త, కాపీ అన్నాను, మూవ్ కాదు. మూవ్ చేస్తే సర్వర్ మీద నుంచి పోతాయి. జీమెయిల్ లేబుళ్లు ఇక్కడ ఫోల్డర్లుగా కనిపిస్తాయి కాబట్టి ఒకే మెయిల్ నాలుగు చోట్ల ఉన్నట్టు అనిపిస్తుంది. ఆల్ మెయిల్ ఒక్కటి కాపీ చేస్తే చాలు.

ఆఫీస్ మెయిల్ జోలికి వెళ్లేముందు

ఆఫీస్ మెయిల్ మీది కాదు, కంపెనీది. దాన్ని మొత్తంగా పర్సనల్ డ్రైవ్‌లోకి దించుకుంటే పాలసీ ఉల్లంఘన అవుతుంది, ఉద్యోగమే పోవచ్చు. పే స్లిప్‌లు, ఫారం 16, ఆఫర్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్ లాంటి మీ సొంత కాగితాలు మాత్రం వచ్చినప్పుడే హెచ్‌ఆర్ పోర్టల్ నుంచి డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. రిజైన్ చేశాక చూద్దాంలే అనుకోవద్దు. చివరి రోజు యాక్సెస్ ఎన్ని గంటలకి తీసేస్తారో మన చేతిలో ఉండదు.

కాలేజీ అకౌంట్ అయితే, అడ్మిన్ అనుమతించిన చోట టేకౌట్‌లోనే మెయిల్స్‌ని, డ్రైవ్ ఫైల్స్‌ని మీ పర్సనల్ జీమెయిల్‌కి ట్రాన్స్‌ఫర్ చేసే సదుపాయం ఉంటుంది. ఫేర్‌వెల్ ఫొటోల హడావుడికి ముందే ఆ పని ముగించండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతి

ఎంబాక్స్ ఫైల్‌కి తాళం ఉండదు. ల్యాప్‌టాప్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లు మీ పాన్ కాపీ నుంచి బ్యాంక్ స్టేట్‌మెంట్ దాకా చదివేయొచ్చు. అందుకే పని చేసుకునే మెషీన్‌ని ముందు గట్టిగా సెట్ చేసుకోవాలి.

డిస్క్ ఎన్‌క్రిప్షన్: విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్, మ్యాక్ అయితే ఫైల్‌వాల్ట్ ఆన్ చేయండి. విండోస్ 11 హోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి. ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ఎక్కడ సేవ్ అయ్యిందో వెంటనే కనుక్కోండి. అది పోతే మైక్రోసాఫ్ట్ కూడా మళ్లీ తయారు చేసి ఇవ్వలేదు. మదర్‌బోర్డ్ మార్చినప్పుడు ఆ కీ అడుగుతుంది, అప్పుడు వెతకడం మొదలుపెడితే లాభం లేదు.

రెండు అకౌంట్లు: రోజూ వాడేది స్టాండర్డ్ అకౌంట్, ఇన్‌స్టాలేషన్లకి వేరే అడ్మిన్ అకౌంట్. క్రాక్ సాఫ్ట్‌వేర్ ఏదైనా సిస్టమ్‌ని మార్చబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ ఒక్క క్షణం ఆగి ఆలోచించే వీలు దొరుకుతుంది.

అప్‌డేట్స్: విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ మెషీన్ 11కి వెళ్లగలిగితే వెళ్లిపోండి. లేదంటే లైనక్స్ మింట్ ప్రయత్నించండి, పాత ల్యాప్‌టాప్‌కి అదో మంచి దారి.

పాస్‌వర్డ్స్: బిట్‌వార్డెన్, కీపాస్‌ఎక్స్‌సీ లాంటి మేనేజర్ ఒకటి పెట్టుకోండి. మెయిల్ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడొద్దు. ఎందుకంటే ఏ సైట్‌లో ఫర్గాట్ పాస్‌వర్డ్ కొట్టినా లింక్ వచ్చేది మెయిల్‌కే. అది పోతే అన్నీ పోయినట్టే. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేశాక గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి, ఇంట్లో మీ టెన్త్ మెమో ఉన్న ఫైల్‌లోనే పెట్టండి. ఆ ఫైల్‌ని అమ్మ ఎప్పుడూ పోగొట్టదు.

మూడు కాపీలు, ఒక పరీక్ష

బ్యాకప్‌లో 3-2-1 అనే పాత సూత్రం ఉంది. మొత్తం 3 కాపీలు, 2 రకాల మీడియా, అందులో 1 వేరే చోట. మన లెక్కలో ఇలా: జీమెయిల్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఒకటి, ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో బీరువాలో ఇంకో డ్రైవ్. రెండు డ్రైవ్‌లనూ ఎన్‌క్రిప్ట్ చేయండి, ఉచితంగా కావాలంటే వెరాక్రిప్ట్ ఉంది. కాపీ అవ్వగానే డ్రైవ్ పీకేయండి. ర్యాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డ్రైవ్‌ని కూడా వదలదు.

ఆఖరి మెట్టు చాలామంది వదిలేస్తారు: తెరిచి చూడటం. థండర్‌బర్డ్‌లో ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే యాడ్ ఆన్ వేసి, మీ ఎంబాక్స్ ఫైల్ ఇంపోర్ట్ చేయండి. మూడేళ్ల క్రితం మెయిల్ ఒకటి వెతికి దాని పీడీఎఫ్ తెరవండి. తెరుచుకుందా? అయితే మీ దగ్గర బ్యాకప్ ఉంది. తెరిచి చూడని ఫైల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఇప్పుడు నా క్యాలెండర్‌లో 2 నెలలకోసారి ఒక ఆదివారం దీనికే కేటాయించాను. గైడ్ సార్ పంపిన ఆ లెటర్ ప్రస్తుతం మూడు చోట్ల ఉంది. ప్రతిసారీ టెస్ట్ కోసం నేను తెరిచే పీడీఎఫ్ కూడా అదే.