బీట్ ఆపేసిన డీజే: స్క్రాచింగ్ నుంచి ఆంబియెంట్ దాకా, మధ్యలో మన ఉరుము

డీజే అనగానే మన అనంతపురం సైడ్ ఏం గుర్తొస్తుంది? పెళ్లి ఊరేగింపు, బండి మీద పెద్ద పెద్ద బాక్సులు, గుండె దడదడలాడే బేస్. అంతే కదా! కానీ ఈరోజు చెప్పబోయే డీజే జనాన్ని కూర్చోబెట్టి, ప్రశాంతంగా బొమ్మలు గీయించాడు.

ఆయన పేరు ఎరిక్ శాన్. స్టేజ్ పేరు కిడ్ కోఆలా. కెనడాలోని మాంట్రియల్‌లో ఉంటాడు. చిన్నప్పుడు పియానో నేర్చుకున్నాడు, 12 ఏళ్లకి స్క్రాచింగ్ మొదలుపెట్టాడు. 2000లో 'కార్పల్ టన్నెల్ సిండ్రోమ్' అనే ఆల్బమ్ వచ్చింది. అది మణికట్టు నొప్పి జబ్బు పేరు. చేతులకి ఎంత పని పెట్టాడో అర్థమైంది కదా!

అసలు స్క్రాచింగ్ అంటే ఏంటి? రికార్డు మీద సన్నని గాడి ఉంటుంది, అందులో సూది నడుస్తుంది. రికార్డును చేత్తో ముందుకీ వెనక్కీ రుద్దితే సౌండ్ సాగుతుంది, మూలుగుతుంది. స్పీడ్ మారితే శ్రుతి కూడా మారుతుంది. నిమిషానికి 33 చుట్లు తిరిగే రికార్డును 45కి పెట్టారనుకోండి, 'స' దగ్గరున్న స్వరం దాదాపు 'మ' దాకా ఎక్కేస్తుంది. ఈ కిటుకుతోనే ఆయన రికార్డులోని ట్రంపెట్‌ను తాగినవాడిలా తూలేట్టు చేశాడు.

ఇక 2017లో 'మ్యూజిక్ టు డ్రా టు: శాటిలైట్' వచ్చింది. ఇందులో కీబోర్డులు, గిటార్, తీగ వాద్యాలు, ఐస్‌లాండ్ సింగర్ ఎమిలియానా టొర్రీని గొంతు. టర్న్‌టేబుల్ ఉంది, కానీ నీడలా వెనక ఉంది. చలికాలంలో జనం వచ్చి బొమ్మలు గీసుకుంటుంటే నెమ్మది పాటలు పెట్టే అలవాటు ఆయనకి ముందే ఉంది. ఆల్బమ్ అక్కడి నుంచే పుట్టింది.

దీన్నే ఆంబియెంట్ అంటారు. ఈ పేరుకు ఊపు తెచ్చింది బ్రయన్ ఈనో, 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బమ్‌తో. శ్రద్ధగా విన్నా బాగుంటుంది, పక్కన మోగుతున్నా ఇబ్బంది పెట్టదు. మన తంబూరా చేసే పని గుర్తు తెచ్చుకోండి, సగం అర్థమైపోతుంది.

ఇది ఈజీ అనుకుంటున్నారా? కాదండీ. బీట్ ఉన్నంతసేపు చిన్న తప్పులు అందులో కొట్టుకుపోతాయి. బీట్ తీసేస్తే ఒక్క స్వరం శ్రుతి తప్పినా దొరికిపోతాం. పైగా డ్యాన్స్ కోసం వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోవచ్చు. సంపాదించుకున్న పేరునే పణంగా పెట్టడం అది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నైరుతి మేఘాలకి పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య వానలకి తూర్పు తీరం దూరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే వాన. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం ఇక్కడ ఎవరికీ నేర్పక్కర్లేదు. అలాంటి నేల మీద ఒక వాద్యం ఉంది, దాని పేరే ఉరుము! ఉరుముల నృత్యంలో వాయించేది ఇదే. ఒక వైపు కర్రతో కొడతారు, ఇంకో వైపు చర్మాన్ని వంపు కర్రతో రుద్దుతారు. దూరంగా మబ్బు మూలిగినట్టు ఉంటుంది. రుద్దితే పుట్టే సౌండ్! టర్న్‌టేబుల్ రాకముందే మనవాళ్లు పట్టుకున్న కిటుకు.

కాబట్టి డీజే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆషాఢం, మూఢం వచ్చి ముహూర్తాలు లేనప్పుడు ఒక పని చేయండి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, హార్మోనియం మీద మూడే మూడు స్వరాలు నెమ్మదిగా వాయించండి. బీట్ వద్దు. పది నిమిషాలు రికార్డ్ చేసి, మర్నాడు వినండి. ఉరుము వాయించే పెద్దాయన ఎవరైనా తెలిస్తే అడిగి రికార్డ్ చేయండి. కానీ ఆయన పేరు వేయాలి, డబ్బులూ ఇవ్వాలి. అది ఫ్రీ శాంపిల్ కాదు, ఆయన బతుకు.

బాక్సులు అమ్మేయమని నేను అనట్లేదు. కిడ్ కోఆలా కూడా టర్న్‌టేబుల్ వదల్లేదు, దాని పక్కన ఇంకో కుర్చీ వేశాడంతే. మీరూ వేసి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!