మందు కొట్టు చొక్కాకు జిప్పు కుట్టు విధానము

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పొలములలో ప్రత్తి, మిరప పండించు రైతులు ప్రతి పంటకు పలుమార్లు పురుగుమందు కొట్టవలసి వచ్చును. ఆ పనికి పాత చొక్కాయే చాలునని పలువురు తలతురు. కాని మందు కొట్టువారి ఒంటిలోనికి విషము ముఖ్యముగా చర్మము గుండా చేరును. గుండీల చొక్కాలో గుండీకి గుండీకి నడుమ సందుండును. వంగి లేచునపుడు ఆ సందు తెరచుకొని తుంపర రొమ్ముపై పడును. ఇంట మిషను ఉన్నచో దట్టమైన నూలుబట్టతో, నిండు చేతులతో, ముందు జిప్పు గల చొక్కాను మీరే కుట్టుకొనవచ్చును.

ఎట్టి జిప్పు కావలెను?

క్రింది కొస పూర్తిగా విడిపోవు జిప్పును కొనుడు. మెడ వద్ద మాత్రమే తెరచుకొను పొట్టి జిప్పు పనికిరాదు. ఏలయన, మందుతో తడిసిన చొక్కాను ముఖము మీదుగా లాగి విప్పవలసి వచ్చును. లోహపు పళ్లు చెమటకు, మందునీటికి చెడి బిగిసిపోవచ్చును. ప్లాస్టిక్ పళ్లు మేలు. ముందు జిప్పు కొని, దాని పొడవును బట్టి చొక్కా పొడవును నిర్ణయించుకొనుడు.

జిప్పు ముడుతలు పడుటకు కారణము

క్రొత్త నూలుబట్ట ఉతికిన పిదప కుదించుకొనును. జిప్పు టేపు అంతగా కుదించుకొనదు. అందువలన మొదటి ఉతుకుతోనే జిప్పు అలలుగా లేచును. కావున బట్టను రాత్రియంతయు నీటిలో నానవేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన పిమ్మటనే కత్తిరింపుడు.

కుట్టు క్రమము

1. క్రింది అంచును ముందుగా మడచి కుట్టుడు. ముందు భాగముల అంచులను ముప్పాతిక అంగుళము చొప్పున లోనికి మడచి ఇస్త్రీ చేయుడు.

2. రెండు మడతలను అంచుకు అంచు ఆనించి, పొడుగు కచ్చాకుట్టుతో కలుపుడు.

3. బట్టను తిరగవేసి, మూసిన జిప్పును బోర్లించి, పళ్లు సరిగా కలయికపై నుండునట్లు ఉంచి, చేతితో కచ్చాకుట్టు వేయుడు. పై కొసలను టేపుకు, బట్టకు నడుమ మడువుడు.

4. మిషనుకు జిప్పు పాదము తగిలించి, కలయికకు పావు అంగుళము దూరమున కుట్టుడు. రెండు ప్రక్కలను క్రింది నుండి పైకే కుట్టవలెను. ఒకటి పైకి, ఒకటి క్రిందికి కుట్టినచో బట్ట మెలిపడును.

5. రన్నరు అడ్డువచ్చినపుడు సూదిని బట్టలోనే ఉంచి, పాదమును లేపి, పైన కొంత కచ్చాకుట్టు విప్పి, రన్నరును పాదము దాటించి క్రిందికి జరుపుడు. పిమ్మట కుట్టు పూర్తిచేసి, కచ్చాకుట్టునంతయు తీసివేయుడు.

జిప్పుపై పట్టీ

జిప్పు పళ్ల నడుమ నుండి కూడ తడి దిగును. నాలుగు అంగుళముల వెడల్పు గుడ్డను నిలువుగా రెండుగా మడచి, జిప్పును కప్పునట్లు ఒక ప్రక్కన కుట్టి, రెండవ ప్రక్కన టిచ్ బటన్లు వేయుడు.

వాడుకలో జాగ్రత్తలు

నూలుబట్ట మందును తగ్గించునే గాని పూర్తిగా ఆపదు. మందు డబ్బాపై సూచించిన చేతితొడుగులు, ముసుగు, కళ్లద్దములు తప్పక ధరింపుడు. బట్ట తడిసినచో వెంటనే విప్పి, సబ్బుతో స్నానము చేయుడు. ఆ చొక్కాను ఇంటి బట్టలతో కలుపక విడిగా ఉతుకుడు. జిప్పును మూసియే ఉతికినచో పళ్లు చెడవు. రన్నరు బిగిసినచో కొవ్వొత్తి రుద్దుడు.

సస్యరక్షణ సందేహములకు జగ్గయ్యపేట దాపున గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రమును సంప్రదింపుడు. పైరును కాపాడుకొను రైతు తన ఒంటిని ముందుగా కాపాడుకొనవలెను. ఈ చొక్కా ఒక పూట పని. మందు కొట్టు అదను రాకముందే కుట్టి సిద్ధముగా ఉంచుకొనుడు.