కొండవీటి ఫోటో గోడకెక్కాలంటే

ఏరా పిల్లలూ, ఘాట్ రోడ్డు మీదుగా కొండవీడు ఎక్కి దిగినవాళ్ల ఫోన్ల నిండా ఇప్పుడు బురుజులూ, కోటగోడలూ, కొండమీది చెరువులే. వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, నచ్చినవాళ్లకు ప్రింట్లు అమ్ముదామని మీకు అనిపిస్తే నాకు సంతోషమే. రెడ్డిరాజులు ఏలిన కొండ అది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం. పల్నాడు వదిలి ఏ డల్లాస్‌లోనో కాపురముంటున్న వాళ్లింట్లో ఆ కొండ గోడమీద కనబడుతుంటే, పిల్లలకు సొంతూరి కథ చెప్పే వీలు దొరుకుతుంది. అయితే ఫోన్లో మెచ్చిన ఫోటోను పార్సిల్ విప్పాక కూడా మెచ్చుకోవాలి కదా! ఆ రెండింటి నడుమ ఉన్నదంతా సైన్సే.

ముందు కంటి లెక్క చూద్దాం. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చూస్తే అది సుమారు 0.09 మిల్లీమీటరు. అంతకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కంటికి ఒక్కటైపోతాయి. అంటే అంగుళానికి 300 చుక్కలుంటే చాలు, బొమ్మ నున్నగా కనిపిస్తుంది. ఫోటో ల్యాబు వాళ్లు 300 డీపీఐ అనే మాట వెనక ఉన్నది మన కన్నే.

ఇప్పుడు గుణించండి. 12 బై 18 అంగుళాల ప్రింటుకు 3600 బై 5400, అంటే దాదాపు కోటీ 94 లక్షల చుక్కలు కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు పోస్టు మామూలుగా 1080 బై 1350. దాన్ని ప్రింటు వేస్తే 3.6 బై 4.5 అంగుళాలకే సరి. పైగా ఫైలు చిన్నదవడానికి జేపెగ్ పద్ధతి బొమ్మను 8 బై 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కన్ను అంతగా పట్టించుకోని సన్న వివరాలను తీసేస్తుంది. బాగా కుదించిన ఫోటో చిన్న తెరమీద బాగానే ఉంటుంది. పెద్ద ప్రింటులో మాత్రం కోటగోడ రాళ్ల అతుకుల దగ్గర ఆ గళ్లు బయటపడతాయి. అందుకే ల్యాబుకు ఎప్పుడూ అసలు ఫైలే పంపాలి. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఇందులో మీకో రక్ష కూడా ఉంది. పోస్టులోని చిన్న ఫోటోను ఎవరైనా ఎత్తుకెళ్లినా, దాంతో మంచి పెద్ద ప్రింటు తీయలేరు.

మీటరు దూరం నుంచి చూసే గోడ ఫోటోకు అంగుళానికి 90 చుక్కలున్నా కన్ను ఒప్పుకుంటుంది. కానీ నచ్చిన బొమ్మ దగ్గరికి వెళ్లి చూడకుండా ఎవరుంటారు? 150కి తగ్గకండి.

ఇక రంగు. కొండ కింద ఊళ్లలో ఎండబెట్టిన మిరప కల్లం ఫోటో తీశారనుకోండి. కెమెరా సెన్సరు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగా కొలిచే చిన్న చిన్న గదులుంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎరుపు గదులు ముందే నిండిపోతాయి. బిందె నిండాక పోసిన నీళ్లన్నీ పొర్లిపోయినట్టు, ఆపైన వచ్చిన వెలుగు లెక్కకు రాదు. కాయకూ కాయకూ తేడా పోయి, కల్లమంతా ఒకటే ఎర్రటి ముద్ద అవుతుంది. తర్వాత ఎంత దిద్దినా ఆ వివరం తిరిగి రాదు. కాబట్టి తీసేటప్పుడే వెలుగు ఒక మెట్టు తగ్గించండి.

అలా తీసినా కాగితం దగ్గర ఇంకో చిక్కుంది. తెర తనంతట తాను వెలుగు చిమ్ముతుంది. కాగితం తనమీద పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది, అదీ సిరా కొంత మింగేశాక. మెజెంటా, పసుపు సిరాలు కలిసి ఇచ్చే ఎరుపు, తెరమీద మండే ఎరుపును అందుకోలేదు. తెర వెలుగు పూర్తిగా పెంచుకుని దిద్దిన ఫోటో కాగితం మీద చీకటిగా వస్తుంది. ముందు 4 బై 6 సైజులో ఒకటి ప్రింటు తీయించి, పగటిపూట కిటికీ పక్కన పెట్టి చూడండి. నచ్చితేనే పెద్దది వేయించండి.

మన్నిక సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో పాత కలర్ పెళ్లి ఆల్బమ్ తెరిస్తే ఫోటోలు ఎర్రబారి ఉంటాయి చూడండి. అప్పటి కాగితాల్లో సయాన్ రంగు చాలావాటిలో ముందు చెదిరిపోయి, ఎరుపుదనం మిగిలిపోయింది. ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింట్లలో కూడా, కరిగే డై సిరాకన్నా సన్నటి రేణువులుండే పిగ్మెంట్ సిరా సాధారణంగా ఎక్కువకాలం నిలుస్తుంది. ఆమ్లం లేని కాగితం తొందరగా పచ్చబడదు. ఏ సిరా, ఏ కాగితం వాడారో కొనేవాళ్లకు రాసివ్వండి. ఎండ నేరుగా పడే గోడకు తగిలించవద్దని కూడా చెప్పండి.

ఇక అమ్మకం. వట్టి ఫోటో పెడితే సైజు తెలియదు. ప్రింటును ఇద్దరు పట్టుకుని నిలబడ్డ చిన్న వీడియో పెట్టండి. అందులో కాగితం గరుకు, వెలుగు పడే తీరు దగ్గరగా చూపించండి. కొండవీడు, పల్నాడు అని ఊరి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది. ఏ వైపు బురుజో, ఏ కాలంలో తీశారో రెండు ముక్కలు చెప్పండి. సైజు, ధర, రవాణా ఖర్చు దాచకండి. వేసవిలో మనకు రాత్రి 9 అయితే న్యూయార్క్‌లో ఉదయం 11:30. అక్కడివాళ్లకు చేరాలంటే ఆ వేళ పోస్టు చేసి చూడండి. మనిషి ముఖం ఉన్న ఫోటో అయితే అమ్మేముందు ఆ మనిషిని అడగాలి. వేరేవాళ్లు తీసిన ఫోటో జోలికి పోకూడదు. మన కాపీరైటు చట్టం ప్రకారం ఫోటో తీసినవారి జీవితకాలమంతా, వారు పోయిన మరుసటి ఏడాది మొదటినుంచి ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది.

లైకుల కోసం కొండకు లేని పచ్చదనం పులమకండి. అక్కడ సీతాఫలాలు కోసుకుంటూ పెరిగినవాడు ఇట్టే పట్టేస్తాడు. ఒక్క మంచి ఫోటో, ఒక్క సైజు, ఒక్క మంచి కాగితంతో మొదలుపెట్టండి. మొదట కొన్నవాళ్లు తమ గోడమీది ప్రింటును తామే ఫోటో తీసి నలుగురికీ చూపిస్తే, అంతకన్నా మంచి ప్రచారం మీకు డబ్బు పెట్టినా దొరకదు.