మంత్రాల బడిలో భయం ఎవరికి?

'ది వరస్ట్ విచ్' రాతప్రతిని తిప్పిపంపిన ప్రచురణకర్తలది ఒకటే బెంగ: మంత్రగత్తెలకో బడి అంటే పిల్లలు జడుసుకుంటారని. చివరికి 1974లో అలిసన్ అండ్ బస్బీ అనే చిన్న సంస్థ ధైర్యం చేసింది. పిల్లలు జడుసుకోలేదు సరికదా, ఇంకా కావాలన్నారు. ఆ వరస ఎనిమిది పుస్తకాలుగా సాగి 2018లో ముగిసింది.

రచయిత్రి జిల్ మర్ఫీ ఆ కథ మొదలుపెట్టింది పదిహేనేళ్ల వయసులో. వింబుల్డన్‌లో నన్‌లు నడిపే కాన్వెంట్‌లో చదివేవారు. ముదురు రంగు యూనిఫాంలో ఇద్దరు నేస్తాలతో ఇంటికొస్తే, ముగ్గురూ మంత్రగత్తెల్లా ఉన్నారని వాళ్లమ్మ అన్నారట. మిగతా సరుకు పాతదే. ఎనిడ్ బ్లైటన్ 1946లోనే 'మాలరీ టవర్స్' అనే ఆడపిల్లల హాస్టల్ బడి కథలు మొదలుపెట్టారు. హాస్టల్ గదులు, చాడీలు, ప్రిన్సిపాల్ చీవాట్లు అన్నీ అందులోవే. మర్ఫీ చేసిందల్లా ఆడపిల్ల చేతిలోంచి లాక్రాస్ కర్ర తీసి చీపురుకట్ట ఇవ్వడం.

మన కథల్లో మంత్రగత్తె ఊరి బయట ఒంటరి ముసలిది. ఆమె ఆ విద్య ఎక్కడ నేర్చిందని ఎవరూ అడగరు. మర్ఫీ ఆమెకు టైంటేబుల్, పరీక్షలు పెట్టారు. అందరికీ నల్ల పిల్లికూనలు పంచేనాడు కథానాయిక మిల్‌డ్రెడ్ హబుల్ దాకా వచ్చేసరికి అవి అయిపోతాయి. ఆమెకు చారల పిల్లి దక్కుతుంది. మందు కలపమంటే ఒకదానికి ఇంకోటి కలుపుతుంది. ఆ పిల్ల వణికేది మంత్రాలకు కాదు, మిస్ హార్డ్‌బ్రూమ్ అనే టీచరుకు.

భయం చోటు మారింది అక్కడే. 1982లో డయానా విన్ జోన్స్ 'విచ్ వీక్'లో దాన్ని చాలా దూరం తీసుకెళ్లారు. ఆ కథాలోకపు ఇంగ్లండ్‌లో మంత్రవిద్య నేరం, శిక్ష సజీవదహనం. అలా కాలిపోయినవాళ్ల పిల్లలను చేర్చే హాస్టల్ బడి లార్‌వుడ్ హౌస్. మీ క్లాసులో మంత్రాలొచ్చినవాళ్లు ఉన్నారంటూ ఓ రోజు మాస్టారికి చీటీ దొరుకుతుంది. పిల్లలంతా డైరీ రాయాలి. అది సొంతానికే అంటారు గానీ టీచర్లు చదువుతారని అందరికీ తెలుసు. అందుకే చార్లెస్ మోర్గాన్ అనే పిల్లాడు సంకేతాల్లో రాస్తాడు. నిద్ర లేచానని రాశాడంటే స్కూలంటే ఒళ్లు మంట అని అర్థం! బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదివిన మనకు ఇది ఉత్త కల్పన అనిపించదు. నా దృష్టిలో ఈ కోవలో దీన్ని మించింది లేదు.

1997లో హ్యారీ పాటర్ వచ్చాక ఏమైందో చెప్పనక్కర్లేదు.

2020లో నవోమీ నోవిక్ 'ఎ డెడ్లీ ఎడ్యుకేషన్'లో టీచర్లనే తీసేశారు. ఆ బడి పేరు స్కోలోమాన్స్. రొమేనియా జానపదంలో అది సైతాను పాఠాలు చెప్పే చోటు. ఇక్కడ ఏటేటా హాస్టల్ గదులు ఒక అంతస్తు కిందికి దిగుతాయి. అట్టడుగు హాలే బయటి దారి. చదువు ముగించి వచ్చేవాళ్లను తినడానికి అక్కడ వికృత జీవులు కాచుకుని ఉంటాయి. కలిగినవాళ్లకు ఎన్‌క్లేవులనే కట్టుదిట్టమైన స్థావరాలున్నాయి. వాటి పిల్లలకు బడిలోనూ అండ, ఆయుధాలు. లేనివాళ్లు రేపు అక్కడ చోటు దొరుకుతుందన్న ఆశతో వాళ్ల మరమ్మతు డ్యూటీలు చేసిపెడతారు. టాపర్ల సెక్షను వేరుగా ఉండే రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివినవాళ్లకు ఈ లెక్క వివరించనక్కర్లేదు.

కథ చెప్పే ఎల్‌కు తల్లి వేల్స్ మనిషి, తండ్రిది ముంబై. ఆ ముంబై ఇంటి చిత్రణ పైపైనే ఉంది. అయితే లైబ్రరీలో ఆమెకో సంస్కృత గ్రంథం దొరుకుతుంది. సంపన్నుల దయతో పనిలేకుండా చిన్నపాటి సురక్షిత నివాసాలు కట్టే మంత్రాలు అందులో ఉన్నాయి. దాని కర్త గాంధారానికి చెందిన పురోచనుడట. మన భారతంలో దుర్యోధనుడి మాట మీద వారణావతంలో పాండవులకు లక్క ఇల్లు కట్టించినవాడి పేరూ అదే.