నడుమునకుఁ గట్టిన త్రాడు చాలదా?

ఎత్తయిన కట్టడములపై పనిచేయు కార్మికుడు నడుమునకు త్రాడు కట్టుకొన్నచో చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. 6 అడుగులు పడునప్పటికే దేహము సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగము నందుకొనును. దానిని త్రాడు తటాలున నిలిపినచో, ఆ కుదుపంతయు మెత్తని యుదరముపైఁ బడి ప్రాణాపాయము గలుగవచ్చును. అందువలననే భుజములను, వక్షమును, తొడలను చుట్టుకొను హార్నెస్ ఆ బలమును దృఢమైన యవయవములకుఁ బంచి, వీపుమీఁది లోహపు కడియముచే మనిషిని దాదాపు నిటారుగా నిలుపును. ఆ కడియమునకుఁ గట్టు త్రాటికిఁ దగిలించిన చిన్న సంచిలో మడిచి కుట్టిన పట్టీ యుండును. పడునప్పుడు దాని కుట్లు వరుసగాఁ దెగుచు కుదుపును మ్రింగివేయును. ఎంత చక్కని యుపాయము!

ఒకసారి పతనము నాపిన హార్నెస్‌ను మరల వాడరాదు. ఎండకు నైలాను పట్టీలు శిథిలమగును గనుక నీడలో భద్రపరచి, ధరించుటకు ముందు ప్రతిసారియుఁ గుట్లను, కొక్కెములను వ్రేళ్లతోఁ దడవి చూడవలెను. తెగిన కుట్టొక్కటి కనఁబడినను ఆ హార్నెస్‌ను ప్రక్కకుఁ దీసివేయవలసినదే.