మగ్గము చెప్పు లెక్క ఎవరిది?

షోలాపూరులోనైనను, భివండిలోనైనను, కంచిలోనైనను, బరంపురములోనైనను మన నేత సోదరులలో జాకార్డు ఎరుగనివారుండరు. ఫ్రాన్సులోని లియాన్ పట్టణవాసి జోసెఫ్ మారీ జాకార్డు దానిని 1804లో రూపొందించెను. అట్టలో రంధ్రమున్నచోట కొక్కెము పడుగు పోగును పైకెత్తును, లేనిచోట ఎత్తదు. ‘కలదు, లేదు’ అను ఈ రెండు మాటలతోనే నెమళ్లు, పువ్వులు బట్టపై వెలయుచున్నవి. నేటి కంప్యూటరు భాషయు ఈ రెండు మాటలే. అమెరికా దేశపు 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ వాడినదియు రంధ్రముల అట్టలనే. కావున ‘డిజిటల్’ అన్న మాట విని మనవారు బెదరనక్కరలేదు. అది మగ్గమునకు దగ్గరి చుట్టమే.

1983లో మిలాన్ యంత్ర ప్రదర్శనలో ఎలక్ట్రానిక్ జాకార్డు వెలువడిన పిదప అట్టల స్థానమును క్రమముగా ఫైళ్లు ఆక్రమించినవి. 2011లో జర్మనీలోని హానోవరు ప్రదర్శనలో ‘ఇండస్ట్రీ 4.0’ అను పేరు పుట్టినది. యంత్రములు తమ స్థితిగతులను తామే తెలుపుకొనుట దాని సారము.

ఈ దారిలో జరుగుచున్న పరిశోధనలలో మన వృత్తికి సంబంధించినవి ముఖ్యముగా మూడు. మొదటిది, నేయుచుండగనే తెగిన పోగును, మరకను కెమెరాతో పట్టుట. ఇందుకు కంప్యూటరుకు మంచి బట్ట, చెడ్డ బట్టల ఫొటోలు వేలకొలది చూపి నేర్పుదురు. నేత తీరు మారినచో మరల నేర్పవలసివచ్చుట ఇందలి చిక్కు. రెండవది, మోటారు అదురును, వేడిని కొలిచి, అది చెడిపోవుటకు ముందే హెచ్చరించుట. మూడవది, కొత్త యంత్రము కొనలేని చిన్న కార్ఖానాలకై పాత యంత్రమునకే చవుకపాటి సెన్సారు తగిలించుట. మనవారి గడప త్రొక్కునది ఈ మూడవదే.

అట్టి పరికరము మరమగ్గమునకు తగిలించినచో నాడె ఎన్నిమారులు పోయినది, మగ్గము ఎంతసేపు ఆగినది తెలియును. లెక్క మంచిదే. కాని మగ్గమేల ఆగినదో వట్టి లెక్క చెప్పదు. నూలు నాసిదై పోగులు తెగెనా? కరెంటు పోయెనా? కారణము వ్రాయనియెడల తప్పంతయు నేతగాని నెత్తిన బడి, కూలి కోతకు దారితీయును. అదే లెక్క కారణములతో సహా నేతగాని చేతనున్నచో, నాసినూలు వలన పోయిన గంటలు చూపి న్యాయమైన కూలి అడుగవచ్చును.

డిజైన్ల సంగతియు నిట్టిదే. అట్టల కట్ట నెత్తుకొనిపోవుట కష్టము. ఫైలుకు నకలు తీయుట క్షణములో పని.

2021లో యూరోపియను కమిషను ‘ఇండస్ట్రీ 5.0’ పేర, పరిశ్రమకు పనివాని క్షేమమే కేంద్రము కావలెనని ప్రకటించినది. మనము కోరునదియు నదియే. కావున పరికరము బిగించుటకు ముందే మూడు షరతులు వ్రాయించుకొనుట మేలని మా సలహా: లెక్క నేతగానికిని కనబడవలెను, ఆగిన ప్రతిమారు కారణము నమోదు కావలెను, డిజైను ఫైలు ప్రతి దానిని గీచినవానియొద్ద నుండవలెను.

తమ ఊళ్లలో ఇట్టి పరికరములు వచ్చియున్న సభ్యులు తమ అనుభవములను వ్రాసి పంపగోరుచున్నాము.